ఎనభై రోజుల మైల

మా ఊళ్లో కొడుకు పుడితే ఏడు కూతలు,
కూతురు పుడితే మూడు.
ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి నాలుక ఆడించి కూస్తే
కొండవాలు మొత్తానికి కబురు అందుతుంది.

ముసురు పట్టిన ఆ తెల్లవారుజామున
నేను మూడు లెక్కపెట్టాను.
నాలుగోది వస్తుందేమోనని
ఇంకా పడని మాయ సంగతి మరిచి
చెవులు రిక్కించాను.
రేకుల మీద వడగళ్లు.
అంతే.

రాత్రంతా నేను మనిషిని కాను,
తలుపుని.
లోపలి నుంచి ఎవరో భుజం ఆనించి తోస్తుంటే
గడియ ఊడక కిర్రుమంటున్న తలుపుని.
మంత్రసాని వుడ్నేష్ నా నడుము పట్టుకుని
"మరియమ్మా, మరియమ్మా" అని పిలుస్తోంది.
వేడుకోవడం నాకు చేతకాలేదు.
"నువ్వూ ఇలాగే అరిచావా తల్లీ?" అని అడిగాను.
పశువుల పాకలో, ఆ చలిలో, ఆమె ఎంత అరిచిందో
మా చర్చి గోడల మీది బొమ్మల్లో ఎక్కడా లేదు.
అక్కడ ఆమె ఎప్పుడూ
కడిగిన మొహంతోనే ఉంటుంది.

పిల్ల పడగానే అందరూ పిల్లని చూశారు.
వుడ్నేష్ ఒక్కతే దీపం కిందికి దించి
నన్ను చూసింది.
"చినిగావు" అంది,
పాత దుప్పటి గురించి చెప్పినట్టు.
ఆరోగ్య కేంద్రం నర్సు గొడుగేసుకుని వచ్చి
నాలుగు కుట్లు వేసింది.
వారం దాకా ఉచ్చకి కూర్చోవాలంటే భయం.
గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ కూర్చుంటే
మంట తెలియదని చెప్పింది మా అత్త,
మొహం గోడవైపు తిప్పుకుని.
నాలుగేళ్ల కాపురంలో ఆమె నాతో ఆడిన
మొదటి ఆడమాట అది.

మూడో రోజు బార్లీ సంకటి.
పళ్లెంలో చిన్న కొండ, కొండ నెత్తిన గుంట,
గుంటలో కాగిన వెన్న, ఎర్రకారం.
అంచు నుంచి తినుకుంటూ రావాలి,
గట్టు తెగనివ్వకూడదు.
నేను తెంచాను.
వెన్న మణికట్టు దాకా కారింది.
పొద్దుటి నుంచి రాళ్లయి ఉన్న రొమ్ములు
అప్పుడే అవీ గట్టు తెంచుకున్నాయి.
పిల్ల ఉక్కిరిబిక్కిరై తుమ్మింది.
నవ్వబోయాను, కుట్లు గుర్తొచ్చి ఆగాను.

కొడుకైతే బాలింతకి నలభై రోజులు,
కూతురైతే ఎనభై.
అన్నాళ్లూ చర్చి గడప తొక్కకూడదు.
ఆడపిల్లకి మైల రెట్టింపు అంటారు పెద్దలు.
నేను ఎదురు మాట్లాడలేదు.
ఎనభై రోజులు
జెర్రీక్యాను వీపుకి కట్టుకుని వాగు దిగక్కర్లేదు.
దాన్ని వాళ్లు ఏ పేరుతోనైనా పిలుచుకోనీ.

మా అత్త ఎనాను ఐదుగురు కొడుకుల్ని కంది.
ఐదు నలభైలు.
ఒక రాత్రి నా నడుముకి వెన్న రాస్తూ
పిల్ల వైపు చూడకుండా అంది:
"నాకూ ఒక్కతి పుట్టి ఉంటే
ఈ నడుము ఇంకాస్త నిలిచేది."
ఆ తర్వాత చాలాసేపు రాసింది.
ఎవరి నొప్పి తీస్తోందో
నాకు సరిగ్గా అర్థం కాలేదు.

నలభై దాటాక కొన్ని రాత్రులు
ఊరికే ఏడ్చాను.
ఏమిటని మా ఆయన అడిగితే
పొగ, అన్నాను.
పొయ్యి ఆరి అప్పటికి చాలాసేపయింది.
అతను లేచి వెళ్లి
లేని పొగకి కిటికీ తెరిచాడు.

ఎనభయ్యో రోజున తలుపు తీస్తే వాన లేదు.
చేలగట్ల పొడవునా
పసుపు రంగు పూలు, కళ్లు నొప్పెట్టేంత.
పిల్లని బాప్తిస్మానికి తీసుకెళుతున్నాం.
కొత్త తెల్లగుడ్డ కప్పుకున్నాను.
చర్చి మెట్ల మీద దగ్గొచ్చింది.
దగ్గాను.
రెండు చుక్కలు జారాయి.
ఎవరికీ కనబడలేదు.

లోపల గోడ మీద
ఆమె ఆ కడిగిన మొహంతోనే ఉంది.
ఈసారి నేను మొహం చూడలేదు.
నీలం బట్ట మడతల్ని చూశాను,
కింది అంచు దాకా.
నీకు తెలుసు కదూ, అన్నాను.