వెనక సీటు

ఇన్వర్నెస్‌లో శనివారం. వాన
పడీ పడనట్టు, షాపు అద్దాల మీద గోటితో గీసినట్టు.
షెడ్డు మధ్యలో తెల్లగుడ్డ కింద కొత్త బండి.
రాత్రంతా దాని నట్లు బిగించింది నేను,
గుడ్డ లాగే భాగ్యం మాత్రం ఓనరుది.

లాగాడు.
ఒక్క క్షణం ఎవరూ ఏమీ అనలేదు.
తర్వాత అందరూ ఒకేసారి అన్నారు.

ఇరవై ఎనిమిది వేల పౌండ్లు!
రూరీ మెక్‌ఫీ ఆ అంకెను
ఉడుకు బంగాళాదుంపలా ఈ దవడ నుంచి ఆ దవడకు తిప్పాడు.
"నా మొదటి ఇల్లు ఇంతకంటే చవకయ్యా,
పైగా దానికి కప్పు ఉండేది."

ఎవరో వంగి చూశారు, ఎవరో పెదవి విరిచారు,
ఎవరో బూటు కొసతో టైరును తన్నారు.
టైరును తన్నితే ఏం తెలుస్తుందో
ఇరవై ఏళ్ల మెకానిక్‌ని, నాకింకా తెలియదు.

చలికి వేడెక్కే హ్యాండిళ్లు,
మీట నొక్కితే లేచే గాలి అద్దం,
వెనక్కి నడిచే గేరు,
పలకంత తెర.
"తడి గ్లవ్స్‌తో నొక్కితే పలుకుతుందా ఇది?"
అని ఉత్తరాలు పంచే డూగల్ నొక్కి చూశాడు.
అది పాట ఆపేసి
గ్లాస్గోకి దారి చూపించింది.

అందరి కంటే పెద్ద గొంతు టోర్క్విల్‌ది.
"పాత బండి పెట్టెల్లో టెంటు పట్టేది, స్టవ్ పట్టేది,
ఒకసారి తోకతో సహా సాల్మన్ చేప పట్టింది.
ఇందులోనా? ఒక టూత్‌బ్రష్, ఒక పశ్చాత్తాపం.
నలభై కిలోలు తగ్గించి నాలుగు వేలు పెంచారు.
లేనిదానికి డబ్బు వసూలు చేయడం
చర్చి తర్వాత వీళ్లకే చేతనైంది."

నవ్వులు. ఓనరు కూడా నవ్వాడు,
పన్ను నొప్పి ఉన్నవాడిలా.

టోర్క్విల్ పక్కన సెంగా.
ఆగ్నెస్ అన్న పేరును వెనక నుంచి చదివితే వచ్చే పేరు.
ఇరవై ఆరేళ్లుగా లోకాన్నీ ఆమె వెనక నుంచే చదివింది,
ఆయన తోలు జాకెట్ వీపు మీద.
ఆపిల్‌క్రాస్ కనుమ అంటే ఆమెకు
ఎడమ భుజం కుట్టు దగ్గర చిరుగు.
అల్లాపూల్ సముద్రం అంటే
కాలరు మీద తెల్లటి ఉప్పు చార.

టీ కప్పు నా చేతిలో పెట్టింది.
కాలెత్తి బండెక్కింది.
ముందు సీటు.

రెండు పాదాలూ నేలకు ఆనాయి.
మునివేళ్లు కాదు, మడమలు కూడా.
సీటు ఎత్తు తగ్గించారని కరపత్రంలో
తొమ్మిదో పేజీ అడుగున చీమ తలంత అక్షరాల్లో ఉంది.
మాలో ఎవరమూ అంతదాకా చదవలేదు.

వెనక్కి నడిచే గేరు నొక్కింది.
బండి మెల్లగా వెనక్కి జరిగింది,
మాట్లాడుతున్నవాళ్లంతా పక్కకు జరిగారు.

"పెట్టెలు చిన్నవి" అన్నాడు టోర్క్విల్, ఈసారి నెమ్మదిగా.
"నువ్వు తక్కువ సర్దుకో."

లైసెన్సు ఉందా అని ఓనరు నసిగాడు.
ఉంది. పర్సులో, మందుల చీటీ వెనక.
పోయిన చలికాలం ప్రతి మంగళవారం
అల్లికల క్లాసని ఎల్జిన్ వెళ్లి వచ్చింది.
ఆ చలికాలం ఇంట్లోకి ఒక్క స్వెట్టరూ రాలేదని
టోర్క్విల్‌కి ఇప్పుడు తట్టింది.

నెస్ వంతెన దాటి వాళ్లు కనుమరుగైనప్పుడు
వాన కాస్త బలపడింది.
షెడ్డులో ధర మీద వాదన ఆగలేదు,
వాయిదాల మీదికి, అక్కణ్నుంచి ప్రభుత్వం మీదికి పోయింది.

నలభై నిమిషాలకు తిరిగొచ్చారు.
ఎలా ఉందని అందరూ టోర్క్విల్‌నే అడిగారు, అలవాటు కొద్దీ.
దిగడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది.
"వెనక ఆనుకునే దిండు పొట్టి" అన్నాడు.
హెల్మెట్ తీశాడు.
"అక్కణ్నుంచి ఏమీ కనబడదు."

రెండు మాటలూ అభిప్రాయాల కాగితం మీద రాసుకున్నాను,
గ్రీజు వేళ్లతో, ఎవరు అన్నారో రాయకుండా.
సెంగా ఇంజను ఆపింది.
గ్లవ్స్ మాత్రం తీయలేదు.