తొక్కు, పట్టు, ఇడువు

ఎనుమాముల మార్కెట్ ఎనక
కోల్డ్ స్టోరేజీ రేకుల కింద
పదమూడేండ్లు పండుకున్నది ఇది.
రెండే సీట్లు. మీది గుడ్డకప్పును ఎలుకలు తిన్నయి.
ముక్కు మీది పేరుల మూడక్షరాలు రాలిపోయి
మిగిలిన రెండూ కలిపితే ఏ మాటా కాదు.

మిర్చి ధర ఎక్కిన ఏడు కొన్నడట పోశెట్టి సేటు,
దిగిన ఏడు ఈడ ఇడిసిపెట్టిండట.
తాళంచెవి నా చేతుల ఏస్తూ అన్నడు:
"తీస్కపో. దీన్ని సూసినప్పుడల్లా నాకా ధర యాదికొస్తది."

ట్రాలీకి తాడు గట్టి
పోచమ్మ మైదాన్, ఎంజీఎం, చౌరస్తా దాటి
కాజీపేట దాకా గుంజుకొచ్చినం.
గల్లీ పిల్లలు బరాతు ఎనక ఉరికినట్టు ఉరికిన్రు.
స్వరూప గేటు తీసింది,
మనిషి పట్టేంత. బండి పట్టేంత కాదు.

నేను లోకోషెడ్డుల ఫిట్టర్ని.
నూటిరవై టన్నుల ఇంజన్లకు నట్లు బిగించిన చెయ్యి ఇది.
ఈ చిన్నదాని బోల్టులు
కమ్మల శీలల లెక్క, ఏళ్లల్ల ఒదగయి.
మొదటి దినమే ఒకటి ఇరగ్గొట్టిన.

ఒల్లంత ఫైబరు, తుప్పు తెలువది.
గోటితోని కొడితే ప్లాస్టిక్ బిందె సప్పుడు.
కిందికి దూరి టార్చి ఏస్తే
ఎముకలన్నీ అప్పడాలు.
రాజమొగిలి వెల్డింగ్ అద్దం నెత్తిమీదికి నూకి
"అన్నా, ఇది బండి గాదు, బండి ఉన్నదని నీ నమ్మకం" అన్నడు.
అన్నడు గని, ఆ నమ్మకానికే
పద్దెనిమిది ఆదివారాలు రాడ్లు కాలవెట్టిండు.

ఎనక డ్రమ్ములు పీకి డిస్కులు ఏసినం,
ఎక్కడ్నో పల్టీ కొట్టిన బండివి, నాలుగు వేలకు.
వైరింగంత కొత్తది.
కార్పెట్టు కుళ్లితే కొత్తవాడ జంపఖాన పరిచిన.
నేసిన ఉప్పలయ్య దారంతోని కొలత వట్టి
"గింత వంకర నేల నా జిందగీల సూడలె" అన్నడు.

బ్రేకులల్ల గాలి తీసుడు ఒక్కనితోని కాదు.
యాకూబ్ ఊర్లె లేడు. మొగిలి ఫోనెత్తడు.
వాకిట్ల నిలవడి ఇంట్లకు సూసిన.
స్వరూప పొయ్యి బందు జేసి, కొంగు దోపి,
సీటు లేని కాడ పీట ఏసుకొని కూసున్నది.
చక్రం కింద నేను, సీసా, సన్న పైపు.
నాకు కనవడేది మెట్టెల కాలు ఒక్కటే.

తొక్కు.
పట్టు.
ఇడువు.

ఇరవై రెండేండ్ల కాపురంల
ఒకల మాట ఒకలం
గింత ఖచ్చితంగ ఇన్నది లేదు.
మా అక్క పెండ్లిల ఎవలు ఏమన్నరన్నది
ఆ రాత్రి నడుమల రాలె.
సీసల బుడగలు:
మస్తు, కొన్ని, రెండు.
ఇగ అయిపోయినయి అనుకున్నంక ఒకటి.
"గట్టివడ్డది" అన్నది.
పెడల్ సంగతే.

స్టార్టయిన పొద్దు ఎవ్వలూ సప్పట్లు కొట్టలె.
బ్లోయరు తిప్పిన, గంతే.
పదమూడేండ్ల మిర్చి దుమ్ము
డాష్‌బోర్డు బొక్కలల్లకెళ్లి ఒక్కసారే లేసింది.
నేను తుమ్మిన, స్వరూప తుమ్మింది,
గోడవతల సుశీల టీచర్ తుమ్మి
"ఏం తాలింపమ్మా అది" అని అడిగింది.
రంగు మారింది, గుండె మారింది, సగం చట్రం మారింది,
ఆ ఘాటును మాత్రం ఏ షాంపూ కడగలె.
ఎండ ఎక్కితే ఇప్పటికీ ఎనుమాముల్ల ఉన్నట్టే.

పొద్దుగూకినంక మడికొండ మీదుగ
ధర్మసాగరం కట్ట దాకా పోతం.
మీద ఆకాశం, ముంగట లారీ.
నేను బ్రేకు తొక్కినప్పుడల్లా
పక్కన, పెడల్ లేని కాడ,
జంపఖాన మీద ఆమె కాలూ తొక్కుతది.
లారీ పక్కకు తప్పుకున్నంక గూడ
ఒక్క గడియ పట్టి
అప్పుడు ఇడుస్తది.