తప్పనిసరి

సూళ్లూరుపేట లోకల్లో నిలబడి వచ్చిన కాళ్లు
ఈక్కాట్టుతాంగల్ మూడో అంతస్తులో కుర్చీ దొరికాక కూడా
కాసేపు ఊగుతూనే ఉంటాయి.

తెర మీద ఖాళీ ఫారం.
బూడిద రంగు నేల, దాని నిండా చుక్కల వరుసలు,
ముగ్గు కలపబోయే ముందు వాకిలిలా.

ఒక గడి లాగి పెడతాను. ఒక బటను అతికిస్తాను.
కుడిపక్క పట్టీలో వాటి గుణాలు:
ఎత్తు, వెడల్పు, అక్షరం లావు,
కనిపించాలా, అక్కర్లేదా,
వేలు పెడితే పలకాలా, ఊరుకోవాలా.
పుట్టుకతో వచ్చిన గుణం
పుడకలతో గానీ పోదంటారు మనుషులకి.
వీటికి నేనే పెట్టాలి, టీ చల్లారేలోగా.

తండ్రి లేదా భర్త పేరు.
తప్పనిసరి: అవును.
అది నిండేదాకా సేవ్ బటన్
చేవచచ్చి పడుండాలి.
షరీఫ్ సార్ చూసి బాగుందన్నాడు.
నేనూ అదే అనుకున్నాను.

ఏడు నెలలకి రాయపురం కంటాసుపత్రి నుంచి ఫిర్యాదు:
ట్యాబ్ కొడితే కర్సరు వయసు మీంచి దూకి
వీధి పేరులో పడుతోందట.
పది నిమిషాల పని. వెళ్లాను.

కౌంటరులో పూంగొడి మౌసు ముట్టదు.
కళ్లు మనిషి మీద, వేళ్లు కీబోర్డు మీద.
నేను ఏరి ఏరి పెట్టిన రంగులు
ఆమె చూడగా నేను చూడలేదు.

వరుసలో ఓ తెలుగావిడ, ఎడమకంటికి గాజుగుడ్డ.
పేరు ఓబులమ్మ. వయసు యాభయ్యో, అరవయ్యో.
"అప్పా పేరు? వీట్టుక్కారర్ పేరు?"
ఆవిడ గాజుగుడ్డ సర్దుకుంది.
"రాసుకోడానికి ఎవురూ లేరు తల్లీ."
భాష రాకపోయినా
పూంగొడి రెండోసారి అడగలేదు.
ఆ గడిలో ఒక చుక్క కొట్టింది.
సేవ్ బటన్‌కి ప్రాణం వచ్చింది.

ఆ రాత్రి డేటాబేసులో వెతికాను.
నాలుగు వందల పదహారు చుక్కలు.
కొన్నిచోట్ల రెండేసి.
ఒకచోట 'కడవుళ్', దేవుడని.

ట్యాబ్ వరుస సరిచేశాను: పేరు, వయసు, వీధి.
తర్వాత ఆ గడి మీద నొక్కి
తప్పనిసరి: కాదు.
ఒక్క మాట. రెండు అక్షరాలు.
షరీఫ్ సార్‌కి చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.
పాత చుక్కలు తుడిచెయ్యడానికి ఒక లైను రాసి
నడపకుండా ఉంచాను.

వారం తర్వాత మళ్లీ లెక్కపెట్టాను.
బటన్ ఇప్పుడు ఎవరినీ ఆపడం లేదు.
పూంగొడి వేళ్లకి ఆ సంగతి ఇంకా తెలీదు.
నాలుగు వందల ముప్ఫై ఒకటి.