ఆరు నిమిషాలు

ఆ ఊరి పేరులో ఒక అక్షరం నెత్తిన రెండు చుక్కలున్నాయి,
మన సున్నా జారిపడి రెండు ముక్కలైనట్టు.
ఎలా పలకాలో ఇద్దరికీ తెలీదు.
ఫిర్దౌస్ "మంచూరు" అంటుంది, నేను "పైఊరు" అంటాను.
అక్కడికి కారు పోదట.
రైలు దిగి రైలు, అది దిగి ఇంకో రైలు,
తర్వాత తీగకి వేలాడే ఒక డబ్బా,
అదీ దిగాక కొండ అంచున చిట్టి బండి.

సికింద్రాబాద్‌లో ముప్పై నాలుగేళ్లు
ఏడో కౌంటర్ నాది, ఎనిమిది తనది.
మధ్య ప్లైవుడ్ చెక్క. దాని కింది సందులోంచి
సోంపు, చిల్లర, తలనొప్పి మాత్రలు.
దేశంలోని స్టేషన్లన్నీ కోడ్లుగా మా వేళ్ళ చివర ఉన్నాయి;
వాటిలో మేం దిగినవి పదకొండు.

రిటైరైన ఏడాదికి తనే అడిగింది:
"మంచు చూద్దామా సువర్ణా? ఫ్రిజ్జులోది కాదు."

నాకు నమ్మకం కుదరనిది ఒకటే.
కొండల్లోకి పోయే ఆ బండ్లకి రిజర్వేషన్ లేదు.
టికెట్టుంది, సీటు నంబరు లేదు.
కోటా లేదు, వెయిటింగ్ లిస్టు లేనే లేదు.
ఎక్కు, ఖాళీ ఉన్నచోట కూర్చో.
రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చదివాను.
బల్లార్షా పోవాలన్న ఆ మనిషి గుర్తొచ్చాడు.
వెయిటింగ్ లిస్టు నలభై ఒకటి చేతిలో పెట్టుకుని
గాజుకి నుదురానించి నిలబడ్డాడు.
ఆ జిడ్డు మరక సాయంత్రం దాకా నా మొహం ముందే ఉంది.
నేను "నెక్స్ట్" అన్నాను.

పాత రిజర్వేషన్ ఫారాల వెనక గీసుకుంటున్నాను దారి.
జూరిక్. బెర్న్. ఇంటర్‌లాకెన్.
ఆ మూడోదానికి రెండు స్టేషన్లు: ఒకటి పడమర, ఒకటి తూర్పు.
మనం దిగాల్సింది తూర్పు. ఎర్రసిరాతో రెండు గీతలు కొట్టాను.
సికింద్రాబాద్ అంటే నాంపల్లిలో దిగి
నా మీద అరిచినవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు.

బెర్న్‌లో బండి మారడానికి ఆరు నిమిషాలు.
ఆరా? మా బండ్లు ఆరు నిమిషాలు సిగ్నల్ దగ్గర ఆలోచించుకుంటాయి!
"ఫికర్ చెయ్యకు, చేసి చూద్దాం" అంది ఫిర్దౌస్.

ఆదివారం పొద్దున, రెండు పెట్టెల్లో
తలా పద్దెనిమిది కిలోల సోనామసూరి పోసుకుని,
ఒకటో ప్లాట్‌ఫాం నుంచి పదోదానికి.
గడియారం నా చేతిలో, మోకాలు నొప్పి తనకి.
వంతెన మీద ఎదురొచ్చేవాళ్ళు, పడుకున్నవాళ్ళు,
మామిడిపళ్ళ బుట్ట, తప్పిపోయి ఏడుస్తున్న ఒక పిల్లాడు
(వాళ్ళమ్మ దొరికేదాకా గడియారం ఆపాను).
తొమ్మిది నిమిషాలు.
"ఏ బండమ్మా?" కూలీ వెంటపడ్డాడు.
"ఏదీ కాదు" అంటే మావైపు జాలిగా చూశాడు.
మళ్ళీ చేశాం. ఎనిమిదిన్నర.

బయటికొచ్చి ఇరానీ చాయ్ సాసర్‌లో పోసుకుంటూ
"తప్పిపోతే పోనీ, అరగంటకి ఇంకోటుందట" అంది తను,
ఉస్మానియా బిస్కెట్ ముంచి, అది విరిగి పడిపోతే
చెంచాతో వెతుకుతూ.
నేను మాట్లాడలేదు.
నా కిటికీ దగ్గర, బండి తప్పడం అంటే
పెళ్ళో, పరీక్షో, ఆఖరిచూపో తప్పడం.
ఇంకో బండి ఉంది కాబట్టి తప్పినా ఏం కాదనే మాట
ఏ భాషలో పలకాలో అదీ నేర్చుకోవాలి.

రాత్రి, చెయ్యి ఊరుకోక,
ఫారాన్ని ముందువైపు తిప్పి నింపాను.
పేరు, వయసు. లింగం దగ్గర స్త్రీ.
బండి నంబరు గడి వదిలేశాను.
బెర్తు కోరిక అన్నచోట రాశాను:
ఎడమ కిటికీ. తున్ దాటాక సరస్సు అటేనట.
ఎవరికివ్వాలో తెలీదు. మడిచి పాస్‌పోర్ట్‌లో పెట్టాను.

బియ్యం ఇంకా పెట్టెలోనే ఉన్నాయి.
డబ్బాలోకి మార్చడానికి బద్ధకం.
రోజూ జిప్పు తీసి ఒక గ్లాసు, ఫిర్దౌస్ వస్తే రెండు.
మే ఇరవైకి మా ప్రయాణం.
ఇలా వండుకుంటూ పోతే
పద్దెనిమిదో తారీకుకి ఖాళీ అవుతుంది.