పల్లిపొట్టు

పెబ్బేరు అంగట్ల ఎద్దుల బేరం తెగినంక
నా కాళ్లకు ఒక్కటే తొవ్వ ఎరుక:
బెల్టు షాపు ఎనుక రేకుల కిందికి.
దళారి పైసలు జేబుల ఎచ్చగున్నంత సేపే
ఇల్లు యాదికుండేది.

వనపర్తి దవాఖాన్ల సిస్టరమ్మ
నీతులేం చెప్పలే.
"పావుగంట ఆగు కుర్మయ్యా.
తాగొద్దంటలేను, ఆగుమంటున్న.
అందాంక చేతికేదన్న పనిపెట్టు."

జేబు నిండ పల్లికాయ పోసుకున్న.
గుంజినప్పుడల్ల ఒకటి ఒలుస్త.
పొట్టు పారేయ, మల్ల జేబులనే ఏస్త,
అది నా లెక్క.

తల్కాయల మోటరు గుయ్యిమంటనే ఉంటది,
నీళ్లు లేని బోరు.
బందు చేద్దామంటే బటను దొరకదు.
ఫేజు దానంతటదే పొయ్యేదాంక
గట్టు మీద కూసోవాలె, అంతే.

దసర ముంగట ఓడిపోయిన.
ఆ పల్లీలే సీసకు సోపతైనయ్.

తెల్లారి బండ మీద అంగి జాడిస్తానికి
మాశమ్మ జేబు తిప్పింది.
తిట్టలే. పొట్టు లెక్కపెట్టింది.
"ముప్పై ఒకటి.
ఇండ్ల ఆగినప్పుడు ఒలిచినయెన్ని,
సీసకాడ ఒలిచినయెన్ని?"
తెల్వదన్న.
"తీయ్, సగమన్న ఆగినయే అనుకుందాం"
అని నీళ్లు గుమ్మరిచ్చింది.

ఇయ్యాల మల్ల శనివారం.
అంగడి లేసింది, పేడ వాసన మిగిలింది.
ఎడమ జేబుల పైసలు,
కుడి జేబుల పల్లికాయ.
రేకుల కిందికెల్లి ఎవడో పేరువెట్టి పిలుస్తున్నడు.
నాలుగోది ఒలుస్తున్న.
పావుగంటకు
ఇంక ఆరు నిమిషాలున్నది.