నీరు పల్లమెరుగు

బెతెస్డాలో వాన ఆగిన రోజుని
జనం పేరు పెట్టి గుర్తుంచుకుంటారు,
ఫలానా మంగళవారం అని.
పలక తవ్వి తవ్వి వదిలేసిన కొండ కింద నా షెడ్డు.
ఇక్కడికొచ్చే బళ్లలో సగానికి ఒకటే జబ్బు, చెమ్మ.

పియానోలకు శ్రుతి చేసే ఇద్వల్
పద్దెనిమిదేళ్ల నీలం బండిని తోలుకొచ్చాడు.
"పొద్దున్నే అద్దాలు ఏడుస్తున్నాయి నెరిస్,
లోపలివైపు."
లోపలివైపు అన్నప్పుడు
ఎందుకో గొంతు తగ్గించాడు.

నీరు పల్లమెరుగు అంటారు గదా,
నేను పల్లం నుంచే మొదలెడతాను.
చాపలెత్తి, కార్పెట్ కింది స్పాంజిని
పిడికిట్లో పట్టి పిండాను.
పొడి.
డాష్‌బోర్డు కింద తల దూర్చి వాసన చూశాను.
కూలెంట్ కారుతుంటే తియ్యటి వాసన,
మాడబోయే పాకంలాగా.
అద్దం మీద వేలు రాస్తే జిడ్డు తగలాలి.
తగల్లేదు.
వైపర్ల కింద గాడిలో కుళ్లిన ఆకులు, గుప్పెడు.
తీసి, తీగ పొడిచి, మగ్గుతో నీళ్లు పోశాను.
గడగడా తాగి కింద వదిలేసింది.
తలుపు సందులో రశీదు కాగితం పెట్టి మూసి లాగాను,
కాగితం చిరిగింది గానీ రబ్బరు పట్టు వదల్లేదు.
లోపలి గాలినే లోపల తిప్పే బటన్
నొక్కి ఉంది.
దొరికావురా అనుకున్నాను.

అప్పుడు వెనక కిటికీలు చూశాను.

ముందు అద్దం కన్నా అవే ఎక్కువ తడిసి ఉన్నాయి.
ఎడమవైపు దానికైతే
పడుకున్న మనిషి తల వచ్చేచోట
చారలు చారలుగా దిగింది నీరు.
వెనక సీటు మడిచి ఉంది.
పనిముట్ల పెట్టె పక్కన కెటిల్,
హ్యాంగర్లకు మూడు ఇస్త్రీ చొక్కాలు,
గాలిలో తేమ కొలిచే గుండ్రటి డబ్బా.
దాని ముల్లు తొంభై దాటింది.

ఏ చాపెల్లో ఏ పియానో చెక్క ఉబ్బిందో
గుమ్మంలో ముక్కుతోనే చెప్పే మనిషి.
చెమ్మ సంగతి నాకన్నా ఆయనకే తెలుసు.
తెలిసే తెచ్చాడు నా దగ్గరికి.

ఇది పల్లమెరిగిన నీరు కాదు.
రాత్రంతా ఒక మనిషి వదిలిన ఊపిరి,
తెల్లారేసరికి గ్లాసుడు.
పైకి లేచి, చల్లటి అద్దం తగిలి
అక్కడే ఉండిపోయింది, ఇంకో దారి లేక.

తిరిగి చూశాను.
ఆయన టోపీ చేతుల్లో తిప్పుతూ
వానని చూస్తున్నాడు, ఎప్పుడూ చూడనట్టు.

"గాలి బటన్ నొక్కి ఉండిపోయింది" అన్నాను.
అది అబద్ధమేం కాదు.
"కిటికీ వేలెడంత దించి ఉంచండి, రాత్రిళ్లు."

రాత్రిళ్లు.
నోరు జారాక ఇద్దరం విన్నాం ఆ మాటని.

పైన రేకుల మీద వాన జోరు తగ్గి, మళ్లీ అందుకుంది.
"దించితే చలి" అన్నాడు ఇద్వల్.

చేతులు తుడుచుకున్నాను,
తుడిచిన గుడ్డతోనే మళ్లీ తుడుచుకున్నాను.
"మేడ మీద మా పిన్ని పియానో ఉంది.
ఎక్కించడానికి ఆరుగురు దొరికారు,
దించడానికి ఒక్కడూ రాలేదు.
పదకొండేళ్లుగా మూతపడే ఉంది.
బాగవుతుందా?"

"చూడాలి" అన్నాడు.
"చెక్క ఆరడానికే నెల పడుతుంది.
పొయ్యి ఆరకూడదు, రాత్రి కూడా."

"నాకు రాత్రి కుదరదు" అన్నాను.
"బొగ్గు మెట్ల కింద ఉంది."

బిల్లులో ఏం రాయాలో తోచలేదు.
ఆకులు, గుప్పెడు, అని రాసి
అంకె వేయకుండా వదిలేశాను.

మర్నాడు ఏడింటికి షట్టర్ ఎత్తేసరికి
నీలం బండి బయటంతా వాన,
లోపల అద్దాలు పొడిగా ఉన్నాయి.
మేడగది కిటికీకి మాత్రం
ఇటువైపు ఏమీ కనిపించనంత ఆవిరి.
దాని వెనక
ఒకే మెట్టు మోగుతోంది, మళ్లీ మళ్లీ,
ఇంకా అపశ్రుతిలోనే.