గాంధారానికి వెంట్రుకవాసి కింద

కుర్చీలో కూచుని వాయించడం నాకింకా చేతకాదు.
పాదం మీద ఆనాల్సిన వయొలిన్ తల
గాల్లో వేలాడుతుంటుంది.
చెవిలో ఒక వైరు,
వైరులో టిక్కు టిక్కుమని తాళం,
ఆ వేసేవాడికి తొడ లేదు, చెయ్యి లేదు.

ఇరవైరెండు మందిమి.
ఎదురుగా తరళ, ఒళ్ళో లాప్‌టాప్.
ఆమె వేలు కదిలిందంటే
నాలుగు స్పీకర్లలోంచి ఫిషింగ్ హార్బర్ నిద్ర లేస్తుంది.

మూడున్నర జామున వెళ్ళి పట్టుకొచ్చిందట:
దిమ్మల్ని నమిలే ఐసు మర,
రేకు తొట్టిలోకి జారే ముక్కలు,
ఒకసారి దగ్గి, రెండోసారి దగ్గి
మూడోసారికి అంటుకున్న బోటు.
సాగదీసింది. వెనక్కి తిప్పింది.
మర చప్పుడు పొట్ట చీల్చి
లోపలి సన్నటి కూతనొక్కటీ ఉంచి
మిగతాది పారేసింది,
చేప కడిగినట్టే.

ఆ కూత నా గాంధారానికి వెంట్రుకవాసి కింద.
"మీరే దిగాలండీ, మర పైకి రాదు" అంది.
విజయనగరంలో బెత్తం కింద నిలబడ్డ వేలు ఇది.
తప్పు నేర్పడానికి రెండు వారాలు పట్టింది.

చివరి రిహార్సల్‌కి ఎల్లాజీ వచ్చాడు,
ఆ మర నడిపే మనిషి.
పోర్టు ఆడిటోరియం గుమ్మంలో చెప్పులు విడిచి
వెనక వరసలో, సీటు అంచున.
అందరం వణుకుతున్న ఏసీ
అతన్నేమీ చెయ్యలేకపోయింది.

సెల్లోలు అడుగునించి అల కట్టుకొచ్చాయి.
ట్రంపెట్లు మంచు ఊదాయి.
మధ్యలో అతని మర
అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ
ఎటో పైకి పోయింది.
అన్నీ ఆగి, హాలు ఊపిరి బిగబట్టిన చోట
లేచి నిలబడి అన్నాడు:
"బేరింగు పోనాది గదమ్మా దీనికి.
ఎవులూ సెప్పనేదేటి?"

తరళ నవ్వబోయి ఆగింది.
ఆ కూతనొక్కదాన్నే మళ్ళీ పెట్టింది.
తల వంచి విన్నాడు,
మా గురువుగారు తంబురా వినేవారే, అలా.
"అదే. ఎడం పక్కది."

సోమవారానికల్లా కొత్తది బిగించేశాడు.

కచేరీ రాత్రి ఆ కూత
స్పీకర్లలో ఉంది, నా ఉంగరపు వేలి కింద ఉంది,
ఊళ్ళో ఇంకెక్కడా లేదు.
చప్పట్లు బాగానే కొట్టారు.
మర్నాడు ఓ పెద్దాయన ఫోన్ చేసి
"మైకు ఏదో కీచుమంది, చూసుకోండి" అన్నాడు.

ఆదివారం కోనాం కోసం హార్బర్‌కి వెళ్ళాను.
మర నడుస్తోంది.
నూనె తాగి, నిమ్మళంగా, ఉత్త నమలడం.
"ఎలాగుంది?" అన్నట్టు ఎల్లాజీ దూరంనించే చెయ్యి తిప్పాడు.
బాగుందని నేనూ తిప్పాను.

బుట్ట అంచు మీద వేలు మాత్రం
వెంట్రుకవాసి కిందికి జారి
అక్కడే నొక్కి పట్టుకునుంది.
"కేజీయా, కేజిన్నరా, సెప్పమ్మా" అని
చేపలమ్మి రెండోసారి అడిగేదాకా.